కొత్త గేరు సైకిలు: ఎడమ పెడలు టిక్కుమంటోంది, డిస్కు కీచుమంటోంది. ముందు ఏది చూడాలి?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):

మాస్టార్లూ, ఇంట్లోకి గేరు సైకిలు కొన్నాం. 21 గేర్లు, 27.5 అంగుళాల చక్రాలు, ముందు సస్పెన్షన్ ఫోర్కు, రెండు చక్రాలకీ వైరుతో లాగే డిస్కు బ్రేకులు. ఆన్‌లైన్‌లో పెట్టించేం, పెట్టెలో సగం బిగించి వచ్చింది. ముందు చక్రం, హ్యాండిలు, పెడల్లు, సీటు ఇక్కడ ఒక షాపులో బిగించి ఇచ్చేరు. 60 కిలోమీటర్లు తిరిగేసరికి ఇవీ కంప్లయింట్లు.

ఎడమ కాలు కిందికి నొక్కిన ప్రతిసారీ టిక్కుమంటోంది, రోజురోజుకీ పెరుగుతోంది. ముందు బ్రేకు కీచుమంటోంది, పైగా లివరు గ్రిప్పుకి ఆనేదాకా నొక్కితే గాని పట్టదు. వెనక గేరు 4లో పెడితే దానంతట అదే 5లోకి జారిపోతోంది. అరగంట తొక్కితే చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయి.

షాపులో అడిగితే "కొత్త బండి బాబూ, తిరగ్గా తిరగ్గా సర్దుకుంటాది" అన్నారు. నిజమేనా? సోమవారం నుంచి రోజూ ఎచ్చెర్ల దాకా హైవే మీద వెళ్లాలి. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 74 కిలోలు.

పదిహేను పానా (విజయనగరం):

కొత్త సైకిలులో తిరగ్గా సర్దుకునేవి మూడే. వైర్లు కొంచెం సాగుతాయి, స్పోకులు రిమ్ములో కుదురుకుంటాయి, బ్రేకు ప్యాడ్లు డిస్కుకి ఒదుగుతాయి. పెడలు దగ్గర టిక్కు ఈ మూడింట్లో లేదు. అది తిరిగేకొద్దీ పాడవుతుందే గాని బాగుపడదు. అందుకే గేరూ బ్రేకూ పక్కన పెట్టి ముందు దాని సంగతి తేల్చండి. అప్పటిదాకా సైకిలు ఎక్కొద్దు.

సైకిలుని గోడకి ఆనించి రెండు క్రాంకుల్నీ (పెడల్లని కాదు, పెడల్లు బిగించి ఉండే లోహపు చేతుల్ని) రెండు చేతులతో పట్టుకుని ఫ్రేము వైపుకీ బయటికీ ఊపండి. రెండూ కలిసి ఊగితే లోపలి బాటమ్ బ్రాకెట్టు (క్రాంకుల ఇరుసు తిరిగే బేరింగు) వదులు. ఎడమది ఒక్కటే ఊగితే క్రాంకు బోల్టు వదులు. ప్లాస్టిక్ మూత తీస్తే లోపల 14 ఎంఎం బోల్టు గాని 8 ఎంఎం అలెన్ కీ పట్టే బోల్టు గాని ఉంటుంది. దాన్ని బాగా గట్టిగా, 35 నుంచి 40 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. ఆ కొలత చూపించే పానా లేకపోతే లెక్క ఇది: 25 సెంటీమీటర్ల పొడవున్న పానా చివర 15 కిలోల బరువు వేలాడేంత బలం. వదులు క్రాంకుతోనే తొక్కుతూ పోతే ఇరుసు నలుపలకల కొన క్రాంకులోని చదరపు బెజ్జాన్ని గుండ్రంగా అరగదీసేస్తుంది. తరవాత ఎంత బిగించినా నిలవదు.

క్రాంకు ఊగకపోతే అనుమానం పెడలు మీదే. కుడి పెడలుకి మామూలు మర, ఎడమదానికి తిరగేసిన మర. ఇరుసు చివర 'ఆర్', 'ఎల్' అక్షరాలు చెక్కి ఉంటాయి. తొక్కేటప్పుడు బేరింగు తాకిడికి పెడలు తనంతట తాను విప్పుకోకుండా ఉండాలని అలా చేస్తారు. ఏ వైపు తిప్పాలో గుర్తుండకపోతే ఒకటే మాట: పానా పెడలు మీద నిలబెట్టి పై కొసని ముందు చక్రం వైపు తిప్పితే రెండు వైపులా బిగుస్తుంది, వెనక్కి తిప్పితే రెండు వైపులా విప్పుతుంది. మరకి గ్రీజు రాసి మొదటి నాలుగు చుట్లు వేళ్లతోనే ఎక్కించాలి. వేళ్లతో ఎక్కకపోతే వంకరగా పట్టిందని అర్థం. అక్కడ పానా వేసి బలవంతం చేస్తే ఉక్కు ఇరుసు అల్యూమినియం క్రాంకు మరల్ని కోసేస్తుంది. ఒకసారి విప్పి చూసి చెప్పండి.

ఏడురోడ్ల జంక్షన్ (శ్రీకాకుళం):

పై ఆయన చెప్పింది చేస్తూనే ఫోర్కు కూడా చూడండి. పెట్టెలోంచి తీసి బిగించిన సైకిళ్లలో ఫోర్కు వెనక్కి తిరిగిపోయి ఉండడం రోజూ కనిపించే తప్పు. హ్యాండిలు తిన్నగా ఉంటే ఎవరికీ అనుమానం రాదు. డిస్కు, దాని క్యాలిపరు (డిస్కుని ప్యాడ్లతో నొక్కే ముక్క) సీటు మీద కూర్చున్నవాళ్ల ఎడమ చేతి వైపు ఉండాలి, క్యాలిపరు ఫోర్కు కాలుకి వెనకపక్క ఉండాలి. కుడివైపు ముందుకి కనబడితే ఫోర్కు తిరగబడింది. అలా తొక్కితే హ్యాండిలు కుదురుగా ఉండదు, మలుపులో చెప్పు ముందు టైరుకి తగులుతుంది.

రెండోది, ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని, ఫ్రేమూ ఫోర్కూ కలిసే చోట వేలు ఆనించి, సైకిలుని ముందుకీ వెనక్కీ ఊపండి. వేలుకి టక్ టక్ తగిలితే హెడ్‌సెట్టు (హ్యాండిలు తిరిగే చోటి బేరింగులు) వదులు.

నాగావళి గట్టు:

చూసేం. క్రాంకు ఊగడం లేదు. పెడలు విప్పితే పానాతో మొదటి నుంచీ బిగువుగానే వచ్చింది, క్రాంకులోంచి వెండిరంగు పొడి రాలింది. బయటి వైపు రెండు మూడు మరలు నలిగి ఉన్నాయి, లోపలివి బాగానే కనిపిస్తున్నాయి. ఫోర్కు సరిగ్గానే ఉంది. హెడ్‌సెట్టు దగ్గర మాత్రం సన్నగా టక్ అంటోంది. పై బోల్టు ఎంత తిప్పినా పోవట్లేదు.

పదిహేను పానా:

రాలింది అల్యూమినియమే. పెడలు వంకరగా ఎక్కించేసేరు. రెండు మూడు మరలే పోయాయి గనక ఇంకా దారి ఉంది. పెద్దవాళ్ల గేరు సైకిళ్ల పెడలు మర 9/16 అంగుళం, అంగుళానికి 20 మరలు. ఎడమదానికి ఆ కొలతలో ఎడమ మర ట్యాపు (మరలు కోసే పనిముట్టు) కావాలి. కుడి ట్యాపు వేస్తే ఉన్న మరలు కూడా పోతాయి, ఇది షాపతనికి మీరే గట్టిగా చెప్పాలి. ట్యాపుని నలిగిన బయటివైపు నుంచి కాకుండా, క్రాంకు లోపలివైపు నుంచి, అంటే ఫ్రేము వైపు నుంచి ఎక్కించాలి. అక్కడ మరలు బాగున్నాయి కాబట్టి ట్యాపు వాటి దారిలోనే తిన్నగా వస్తూ బయట నలిగినవాటిని సరిచేస్తుంది. దానికి క్రాంకు ఊడదీయాలి. క్రాంకు పుల్లరుతోనే తీయాలి, సుత్తి పెట్టి కొడితే లోపలి బేరింగు పోతుంది.

ట్యాపు వేశాక కూడా పెడలు వేళ్లతో ఎక్కకపోతే ఎడమ క్రాంకు మార్చడమే. పొడవు క్రాంకు వెనకపక్క పోసి ఉంటుంది, సాధారణంగా 170 ఎంఎం. అదే పొడవు, అదే చదరపు బెజ్జం ఉన్నది అడగండి. ఇది బిగింపులో జరిగిన తప్పు, వాడకంలో అరగడం కాదు. కాబట్టి ఖర్చు బిగించినవాళ్లదే. నలిగిన మర ఫొటో తీసి ఉంచండి.

ఇక హెడ్‌సెట్టు. పై బోల్టు హ్యాండిలుని పట్టి ఉంచేది కాదు. దాని పని బేరింగుల మీద ఒత్తిడి పెట్టడం మాత్రమే. స్టెమ్ము (హ్యాండిలుని ఫోర్కు గొట్టానికి పట్టే ముక్క) పక్కనున్న రెండు బోల్టులు బిగించి ఉండగా పైది తిప్పితే ఏమీ జరగదు. ముందు ఆ పక్క బోల్టులు వదులు చేయండి. తరవాత పై బోల్టుని కొంచెం కొంచెంగా, టక్ పోయేవరకే బిగించండి. ముందు చక్రం పైకెత్తితే హ్యాండిలు దాని బరువుకే అటూ ఇటూ పడాలి, ఎక్కడా పట్టెయ్యకూడదు. అప్పుడు హ్యాండిలుని చక్రానికి తిన్నగా చూసుకుని పక్క బోల్టులు రెంటినీ మార్చి మార్చి బిగించండి. వాటికి 5 న్యూటన్ మీటర్లు చాలు: 10 సెంటీమీటర్ల అలెన్ కీ చివర 5 కిలోల బలం. అంతకంటే బిగిస్తే అల్యూమినియం మర తెగుతుంది.

చీపురుపల్లి చెయిను:

బ్రేకు సంగతి నేను చెప్తాను. కీచుమనడమూ లివరు గ్రిప్పుకి ఆనడమూ రెండు వేరు జబ్బులు.

లివరు ఆనడం అంటే వైరు సాగింది, లేదా లోపలి ప్యాడు దూరంగా ఉంది. వైరు డిస్కుల్లో చాలావాటికి బయటి ప్యాడు ఒక్కటే కదులుతుంది. అది డిస్కుని వంచి, కదలని లోపలి ప్యాడుకి ఆనిస్తుంది. అంచేత సర్దడం లోపలి ప్యాడుతో మొదలెట్టాలి. స్పోకుల వైపునుంచి క్యాలిపరు మీద అలెన్ కీ పట్టే బెజ్జమో, చేత్తో తిప్పే చక్రమో ఉంటుంది. ప్యాడు డిస్కుకి రాసుకునేదాకా తిప్పి, రాపిడి పోయేంత వెనక్కి తీయండి. విజిటింగు కార్డు మందం ఖాళీ ఉంటే చాలు. క్యాలిపరు వంకరగా ఉంటే దాన్ని ఫోర్కుకి పట్టే రెండు 5 ఎంఎం అలెన్ బోల్టులు వదులు చేసి, లివరు గట్టిగా పట్టుకుని, అలాగే పట్టి ఉంచి మళ్లీ బిగించండి. ఆఖరున లివరు దగ్గర వైరు దూరే చోట వేళ్లతో తిప్పే బ్యారెలు మరని బయటికి తిప్పి వైరు బిగువు చూసుకుని, దాని లాకు రింగు మర్చిపోకుండా బిగించండి. లివరు గట్టిగా నొక్కినా గ్రిప్పుకి రెండు సెంటీమీటర్ల ఇవతలే ఆగాలి.

కీచు మాత్రం ఒదగని ప్యాడుకి గాని నూనె తగిలిన ప్యాడుకి గాని వస్తుంది. ముందు డిస్కుని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రమైన గుడ్డ పెట్టి తుడవండి. డిస్కుని వేళ్లతో ముట్టకూడదు, చర్మం మీది జిడ్డు చాలు. కిరసనాయిలు గుడ్డ అసలు వాడొద్దు. తరవాత ఖాళీ రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగం తెచ్చుకుని, ఒక్క ముందు బ్రేకే క్రమంగా నొక్కి నడకవేగానికి తగ్గించండి, పూర్తిగా ఆపకండి. అలా 15, 20 సార్లు. తరవాత వెనకదానికి అంతే. ప్యాడు పదార్థం సన్నని పొరలా డిస్కుకి అంటుకుంటేనే బ్రేకు పూర్తిగా పడుతుంది. ఇంతా చేసినా కీచు పోకపోతే ప్యాడు తీసి గరుకు కాగితం మీద నాలుగు రుద్దులు రుద్దండి. నూనె లోపలికి ఇంకిపోయి ఉంటే మాత్రం కొత్తవి వేయాలి. బ్రేకు వేసిన వెంటనే డిస్కు మీద చెయ్యి పెట్టకండి, కాలుతుంది.

గేరు సులువు. 4లోంచి 5లోకి జారడమంటే చెయిను చిన్న పళ్లచక్రం వైపు పడుతోంది, వైరు వదులైంది. వెనక డీరైలరులోకి (చెయినుని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) వైరు దూరే చోట బ్యారెలు మర ఉంటుంది. దాన్ని గడియారం ముల్లుకి ఎదురుగా పావు చుట్టు తిప్పి, పెడలు తిప్పుతూ గేర్లు మార్చి చూడండి. చాలకపోతే ఇంకో పావు. మరీ ఎక్కువైతే చిన్న చక్రాల్లోకి దిగడానికి మొరాయిస్తుంది, అప్పుడు వెనక్కి.

పక్కపక్కన ఉండే 'హెచ్', 'ఎల్' స్క్రూలు దీనికి ముట్టకండి. అవి సరిహద్దు రాళ్లు. 'ఎల్' స్క్రూ చెయిను పెద్ద చక్రం దాటి స్పోకుల్లోకి పడకుండా ఆపేది. అది తప్పితే డీరైలరు స్పోకుల్లో చిక్కి విరుగుతుంది, వెనక చక్రం ఉన్నపళంగా పట్టేస్తుంది. ఒక్కసారి మాత్రం వెనక చక్రం గాల్లో పెట్టి, అన్నిటికంటే పెద్ద చక్రంలోకి ఎక్కించి, డీరైలరుని చేత్తో లోపలికి నొక్కండి. స్పోకుల వైపు ఇంకా వెళ్తుంటే షాపులో సరిచేయించండి. సైకిలుని ఎప్పుడూ కుడివైపుకి పడుకోబెట్టొద్దు, డీరైలరు వేలాడే చిన్న కొక్కెం వంగిపోతే ఎన్ని మరలు తిప్పినా గేరు కుదరదు.

కొత్త చెయినుకి కంపెనీ పూసిన జిడ్డుంటుంది. అది దుమ్ము పట్టేస్తుంది గనక ఒకసారి కిరసనాయిల్లో ముంచి కడిగి మంచి నూనె వేసుకుంటే పోతుంది.

కళింగపట్నం గాలి:

చెయిను ముంచే మాట దగ్గర నాది వేరే అభిప్రాయం. కంపెనీ జిడ్డు రోలర్ల లోపల ఉన్నంతకాలం దాన్ని మించింది లేదు. ముంచితే అది కరిగిపోతుంది, మళ్లీ మనం వేసే నూనె అంత లోతుకి చేరదు. పైపైన ఉన్న జిడ్డుని గుడ్డ మీద నాలుగు చుక్కలు కిరసనాయిలో డీజిలో వేసుకుని తుడిచేస్తే సరిపోతుంది, అదీ వెనక డిస్కుకి ప్లాస్టిక్ కవరు తొడిగి.

150, 200 కిలోమీటర్లకోసారి, వానలో తడిసినప్పుడల్లా, చెయిను కింది వరసలో లోపలివైపు ఒక్కో రోలరుకి ఒక్క చుక్క. పది నిమిషాలాగి పొడిగుడ్డతో బయటంతా తుడిచేయాలి. నూనె పనిచేసేది రోలరు లోపల, బయట ఉన్నది ఎర్రమట్టిని పిలిచి అంటించుకోవడానికే. బండి ఇంజనాయిలు చిక్కన, అదీ అంతే. కొబ్బరినూనె, ఆముదం వాడకండి, ఎండకి బంకలా అయిపోతాయి. సముద్రం పక్కకి వెళ్లొస్తే ఆ రోజే మంచినీళ్లతో కడిగి, తుడిచి, నూనె వేయాలి. ఉప్పుగాలికి చెయిను ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. బకెట్టూ గుడ్డా చాలు. బైకు వాషింగు పంపు పెడితే నీరు చక్రం మధ్య హబ్బులోకీ బాటమ్ బ్రాకెట్టులోకీ దూరి గ్రీజు కడిగేస్తుంది.

గంటస్తంభం నీడ (విజయనగరం):

తిమ్మిరి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ రెండు వేళ్లకి పోయే నరం అరచేతి అంచున, చిటికెన వేలు కింద నుంచి వెళ్తుంది. బరువంతా అక్కడ పడితే తిమ్మిరే. సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో ముందు చూడండి. ఉంటే ఒళ్లంతా ముందుకి జారి చేతుల మీద పడుతుంది. నీటిమట్టం చూసినట్టు సమంగా పెట్టండి.

సీటు ఎత్తుకి: చెప్పులు లేకుండా గోడకి వీపు ఆనించి నిలబడి, కాళ్ల మధ్య అట్టపుస్తకం పైకి నొక్కి పెట్టుకుని, పుస్తకం పై అంచు నుంచి నేలకి కొలవండి. దాన్ని 0.883తో గుణిస్తే క్రాంకు ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన కొలత. 78 సెంటీమీటర్లు వస్తే సుమారు 69. అది మొదలుపెట్టడానికి. మోకాలు ముందుపక్క నొప్పి వస్తే సీటు తక్కువ, మోకాలు వెనక లాగినా తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగినా ఎక్కువ. అర సెంటీమీటరు చొప్పునే మార్చండి. సీటు గొట్టం మీద కనీస లోతు గీత ఉంటుంది, అది బయట కనిపించకూడదు. ఈ ఎత్తులో కూర్చుంటే నేలకి మునివేళ్లే అందుతాయి. ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకి దిగడం అలవాటు చేసుకోవాలి.

టైర్లు రాయిలా ఉన్నా చేతులు తిమ్మిరెక్కుతాయి. టైరు పక్కన అచ్చులో అంకెలుంటాయి. 40 నుంచి 65 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంటే మీ బరువుకి ముందు 40, వెనక 45, 48. పెట్రోలు బంకు గొట్టంతో చిన్న ట్యూబు రెండు క్షణాల్లో పొంగిపోతుంది, పీఎస్ఐ ముందే పెట్టుకునే మిషను అయితేనే కొట్టించండి. లేదా మీటరున్న చేతిపంపు కొనండి. పంచరు లేకపోయినా ట్యూబులోంచి గాలి కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది, వారానికోసారి చూడాలి. పంచరైతే అతుకు వేసేముందు టైరు లోపలంతా వేలితో నెమ్మదిగా తడమండి. తుమ్మముల్లు కొస అందులోనే ఉండిపోయి కొత్త అతుకుని కూడా పొడుస్తుంది.

ఏడురోడ్ల జంక్షన్:

ఎచ్చెర్ల దారి గురించి. సర్వీసు రోడ్డున్నంత మేరా దాన్నే వాడండి. లేనిచోట ఎడమ అంచు తెల్లగీతకి బయట, ట్రాఫిక్ పోయేవైపే. ఎదురు రావడం మాత్రం వద్దు, ఎంత దగ్గర దారైనా. లారీ పక్కనుంచి పోయినప్పుడు ముందు గాలి తోస్తుంది, దాటగానే లోపలికి లాగుతుంది. హ్యాండిలు బిగదీయకుండా మోచేతులు కొంచెం వంచి పట్టుకోండి. ఆగి ఉన్న లారీ పక్కన పోవలసి వస్తే ఒక తలుపు వెడల్పు వదిలి పోవాలి.

మన పక్క బైకులకి లాగే సైకిళ్లకీ ఎక్కువగా కుడిచేతి లివరు ముందు బ్రేకుది. మీదానికి ఎటుందో తోసుకుంటూ నొక్కి చూసుకోండి. ఆపే బలం ఎక్కువ ముందుదానికే. నడుము వెనక్కి జరిపి రెండూ కలిపి నొక్కాలి. కానీ కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట, ఇసకలో, వానలో పెయింటు గీతల మీద ముందు బ్రేకు ముట్టొద్దు. అక్కడికి చేరకముందే వేగం తగ్గించుకుని, గింజల మీద హ్యాండిలు తిప్పకుండా తిన్నగా దాటాలి. గోగునార ఆరబెట్టిన చోట పీచు గేరు చక్రంలో చుట్టుకుందేమో దాటాక చూసుకోండి. రైలు పట్టాల్ని అడ్డంగా, లంబకోణంలోనే దాటాలి.

చీకట్లో ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు. రిఫ్లెక్టరు తనంతట వెలగదు, ఎదుటి లైటు పడితేనే. హెల్మెట్టు కనుబొమ్మలకి రెండువేళ్ల పైన ఆనాలి, వెనక్కి జారి ఉంటే నుదురు ఖాళీ.

నాగావళి గట్టు:

ఎడమ మర ట్యాపు దొరకలేదు, షాపులో కొత్త ఎడమ క్రాంకు వేసేరు, డబ్బులు అడగలేదు. పెడలు ఈసారి వేళ్లతోనే చివరిదాకా ఎక్కింది. టిక్కు పోయింది. హెడ్‌సెట్టు కూడా కుదిరింది. కానీ ఇవాళ కొత్తగా, తొక్కడం మొదలెట్టగానే వెనక చక్రంలోంచి టింగ్ టింగ్ అని రెండు మూడు సార్లు వినబడింది. ఇదేటి మళ్లీ?

పదిహేను పానా:

అది స్పోకులు మెలిక విప్పుకోవడం. బిగించేటప్పుడు నిపులుతో (రిమ్ము దగ్గర స్పోకుని పట్టే చిన్న నట్టు) పాటు స్పోకు కూడా కొంచెం మెలిపడుతుంది, బరువు పడగానే తిరిగి తిన్నగా వస్తూ ఆ శబ్దం చేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఆగాలి. ఆగాక ఒక్కో స్పోకుని గోటితో మీటి చూడండి. వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకులు ఎడమవాటికంటే బిగువుగానే ఉంటాయి, చక్రం అల్లికే అలాంటిది. కాబట్టి ఒక వైపువాటిని ఆ వైపువాటితోనే పోల్చాలి. డప్పుమన్నది కనబడినా, చక్రం తిప్పితే రిమ్ము అటూ ఇటూ ఊగినా బెండు తీయించండి. 100, 150 కిలోమీటర్ల మధ్య ఎలాగూ ఒకసారి తీయించాల్సిందే.

కొత్త క్రాంకు బోల్టుని 50 కిలోమీటర్ల తరవాత మళ్లీ అంతే బలంతో బిగించండి, 200 దగ్గర ఇంకోసారి. చదరపు కొన మీద క్రాంకు మొదట్లో కొంచెం లోపలికి జరుగుతుంది, బోల్టు ఆ మేరకి వదులవుతుంది. చక్రాల నట్లు, స్టెమ్ము బోల్టులు కూడా అదే రోజు చూసేయండి.